ప్రోస్టేట్ ఆపరేషన్‌కు ముందు మూత్రాశయ పరీక్ష: ఎవరికి కావాలి, ఎవరికి అక్కరలేదు

అరవై దాటిన మగవారికి మూత్రధార సన్నబడి, రాత్రిపూట మూడు నాలుగు సార్లు లేవవలసి వచ్చి, నెలల తరబడి టామ్సులోసిన్ వంటి మాత్రలు వాడినా ఇబ్బంది తగ్గకపోతే, డాక్టరు ప్రోస్టేట్ ఆపరేషన్ మాట ఎత్తుతారు. గోదావరి జిల్లాల్లో ఇటువంటి నిర్ణయాన్ని ఒకరి మాట మీద తీసుకునే కుటుంబాలు తక్కువ. భీమవరంలోనో అమలాపురంలోనో చూపించుకున్నవారు, కాకినాడలోనో రాజమహేంద్రవరంలోనో మరొకరికి కూడా చూపించుకుంటారు. అక్కడ రెండు వేరు వేరు సలహాలు ఎదురవుతాయి. ఒకరు స్కానింగ్ చూసి గ్రంథి పెరిగింది కాబట్టి తీసేద్దామంటారు. మరొకరు ముందు యూరోడైనమిక్స్ పరీక్ష చేయించి, మూత్రాశయానికి బలం ఉందో లేదో తెలుసుకున్నాకే కత్తి పట్టుకుంటామంటారు. పెద్దాయనను వెంటబెట్టుకొని వెళ్లిన కొడుకో అల్లుడో ఎవరి మాట వినాలో తెలియక ఇల్లు చేరతాడు.

ఈ రెండు సలహాల్లో ఒకటి ఒప్పు, మరొకటి తప్పు అని తేల్చడానికి వీల్లేదు, ఎందుకంటే జవాబు రోగిని బట్టి మారుతుంది. అందరికీ ఈ పరీక్ష చేయించడం డబ్బునూ సమయాన్నీ వృథా చేయడమే. అయితే కొన్ని రకాల రోగులను ఈ పరీక్ష లేకుండా ఆపరేషన్ బల్ల ఎక్కించడం సరికాదని కూడా అంతే గట్టిగా నమ్ముతున్నాను. మీ ఇంటి పెద్దాయన ఏ కోవకు వస్తారో తెలుసుకోవడానికి పనికివచ్చే విషయాలను ఇక్కడ వివరిస్తాను. చివరి నిర్ణయం మాత్రం ఆయనను స్వయంగా పరీక్షించిన యూరాలజిస్టుతో మాట్లాడి తీసుకోవలసిందే.

ధార సన్నబడటానికి రెండు కారణాలు

ప్రోస్టేట్ గ్రంథి మూత్రాశయానికి సరిగ్గా కింద, మూత్రనాళం చుట్టూ ఉంటుంది. వయసుతో పాటు అది పెరిగి నాళాన్ని నొక్కితే ధార సన్నబడుతుంది. కానీ గ్రంథి వల్ల ఏ అడ్డూ లేకపోయినా, మూత్రాశయపు కండరం నీరసించి గట్టిగా ముడుచుకోలేకపోతే ధార అచ్చం అదే విధంగా సన్నబడుతుంది. శివారు పొలానికి నీరు చాలనప్పుడు, తూము పూడిపోయిందా, కాలువలోనే మట్టం పడిపోయిందా అన్నది పొలంలోకి పారే నీటిని మాత్రమే చూసి ఎవరూ చెప్పలేరు. పైన మట్టాన్నీ కింద పారుదలనూ రెండింటినీ కొలిస్తేనే తెలుస్తుంది. ప్రోస్టేట్ ఆపరేషన్ అడ్డును తొలగిస్తుంది, అంతే. నీరసించిన కండరానికి అది బలం ఇవ్వలేదు.

గ్రంథి పరిమాణాన్ని చూసి అడ్డు ఎంత ఉందో ఊహించడం మన దగ్గర చాలా ఎక్కువ. స్కానింగ్ కాగితంలో 60 గ్రాములని కనబడగానే ఇంటిల్లిపాదీ కంగారు పడతారు. వాస్తవానికి పరిమాణానికీ అడ్డుకూ ఉన్న సంబంధం బలమైనది కాదు. 30 గ్రాముల గ్రంథి నాళాన్ని గట్టిగా బిగించవచ్చు, 80 గ్రాముల గ్రంథి ఉన్న మనిషి హాయిగా మూత్రం పోయవచ్చు. పరిమాణం తెలియడం వల్ల ప్రయోజనం లేకపోలేదు; ఏ పద్ధతిలో ఆపరేషన్ చేయాలో నిర్ణయించడానికి అది సర్జనుకు అవసరం. ఆపరేషన్ చేయాలా వద్దా అన్న ప్రశ్నకు మాత్రం అది ఒక్కటే సమాధానం కాజాలదు.

మూత్రాశయం నీరసించడానికి వయసు ఒక కారణం. ఏళ్ల తరబడి అడ్డును నెట్టుకొస్తూ కండరం అలసిపోవడం మరొకటి. మన ప్రాంతంలో అన్నిటికంటే ముందు తలచుకోవలసిన కారణం షుగరు వ్యాధి. పదేళ్లు, పదిహేనేళ్లు అదుపు లేకుండా ఉన్న షుగరు పాదాల నరాలను మొద్దుబార్చినట్టే మూత్రాశయపు నరాలనూ మొద్దుబారుస్తుంది. అప్పుడు నిండిన సంగతి తెలియదు, కండరం సాగిపోతుంది, అరలీటరు, ముప్పావు లీటరు నిలవ ఉన్నా నొప్పి ఉండదు. పక్షవాతం, పార్కిన్సన్స్ వ్యాధి, నడుము దగ్గర వెన్నుపూస నరాలు నొక్కుకుపోవడం వంటివి కూడా మూత్రాశయాన్ని దెబ్బతీస్తాయి. అయితే పక్షవాతంలోనూ పార్కిన్సన్స్‌లోనూ ఎక్కువగా కనిపించేది దీనికి విరుద్ధమైన స్థితి: నిండకముందే మూత్రాశయం తనంతట తాను ముడుచుకొని, బాత్రూముకు చేరేలోపే బట్టలు తడుస్తాయి.

ముందు చేయవలసిన చిన్న పరీక్షలు

యూరోడైనమిక్స్ కావాలా వద్దా అని ఆలోచించడానికి ముందు నాలుగు చిన్న పరీక్షలు సక్రమంగా జరగాలి. ఇవి సరిగా జరిగితే చాలామందిలో పెద్ద పరీక్ష అవసరమే రాదు. ఇవి సరిగా జరగకపోవడం వల్లనే సగం అయోమయం పుడుతోందని నా అభిప్రాయం.

మొదటిది లక్షణాల ప్రశ్నావళి. గడిచిన నెల రోజుల ఇబ్బందులపై ఏడు ప్రశ్నలుంటాయి; ఒక్కొక్కదానికి 0 నుంచి 5 వరకు అంకె వేసుకుంటే మొత్తం 35 అవుతుంది. 7 వరకు స్వల్పం, 8 నుంచి 19 వరకు మధ్యస్థం, 20 నుంచి తీవ్రం. ఈ స్థితిలోనే మిగిలిన జీవితం గడపవలసి వస్తే మీకెలా ఉంటుంది అని అడిగే ఎనిమిదో ప్రశ్న వేరుగా ఉంటుంది, నిర్ణయానికి అదే ముఖ్యం. ఈ కాగితాన్ని పెద్దాయనే నింపాలి. చదువు రాకపోతే ఎవరైనా చదివి వినిపించి ఆయన చెప్పినట్టే రాయాలి. రాజోలు నుంచి రాజమహేంద్రవరం దాకా బస్సులో దిగకుండా కూర్చోగలుగుతున్నారా, పెళ్లిళ్లకు వెళ్లడం మానుకున్నారా అన్నవి కొడుకులకు తెలియకపోవచ్చు, ఆయనకు తెలుసు.

రెండోది మూడు రోజుల మూత్రపు పట్టిక. కొలత గీతలున్న ప్లాస్టిక్ మగ్గు ఒకటి కొనుక్కొని, ఎన్ని గంటలకు ఎన్ని మిల్లీలీటర్లు పోశారో, ఏ పూట ఎంత నీరు, టీ, మజ్జిగ తాగారో రాసుకోవాలి. దీనికి మించిన చవక పరీక్ష మరొకటి లేదు, ఇంతగా నిర్లక్ష్యానికి గురైన పరీక్షా లేదు. రాత్రి నాలుగు సార్లు లేచే మనిషి ప్రతిసారీ 350 మిల్లీలీటర్లు పోస్తున్నాడనుకుందాం. అతని మూత్రాశయం చక్కగా నిండుతోంది. రాత్రిపూట మూత్రమే ఎక్కువగా తయారవుతోంది. పెద్ద వయసులో రోజు మొత్తం మూత్రంలో మూడో వంతుకు మించి రాత్రివేళ వస్తుంటే కారణాన్ని కాళ్ల వాపులో, గుండె జబ్బులో, గురకతో ఊపిరి ఆగే నిద్ర సమస్యలో, అదుపు లేని షుగరులో, పొద్దుపోయాక తాగే టీలలో వెతకాలి. రొయ్యల చెరువుల దగ్గర రాత్రి కాపలా ఉండి గంట గంటకూ టీ తాగేవారికి ఈ పట్టిక ఎంతో ఉపకరిస్తుంది. ఆపరేషన్ తరువాత కూడా అన్ని లక్షణాల కంటే తక్కువగా తగ్గేది రాత్రి లేవడమే, కాబట్టి కేవలం ఆ బాధతోనే ఆపరేషన్‌కు సిద్ధపడేవారు ముందు ఈ పట్టికను నింపి తీరాలి.

మూడోది ధార వేగాన్ని కొలిచే యూరోఫ్లోమెట్రీ. యంత్రానికి అమర్చిన గరాటులో మూత్రం పోస్తే సెకనుకు ఎన్ని మిల్లీలీటర్లు వస్తున్నాయో గీత గీసి చూపుతుంది. కనీసం 150 మిల్లీలీటర్లు పోయకపోతే ఫలితాన్ని నమ్మకూడదు. ఒక్కసారితో సరిపెట్టుకోకుండా రెండోసారి కూడా చేయించడం మంచిది. అత్యధిక వేగం సెకనుకు 10 మిల్లీలీటర్లకు లోపు ఉంటే అడ్డు ఉండే అవకాశం ఎక్కువ. ఎక్కువే కానీ ఖాయం కాదు: ఆ హద్దు కంటే తక్కువ వేగం ఉన్న ప్రతి పదిమందిలో సుమారు ఏడుగురికి నిజమైన అడ్డు ఉంటుందనీ, మిగిలినవారికి ఉండదనీ యూరోపియన్ యూరాలజీ సంఘం మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఆ మిగిలిన ముగ్గురి గురించే ఈ చర్చంతా.

నాలుగోది, మూత్రం పోసిన తరువాత లోపల ఎంత మిగిలిందో స్కానింగ్‌లో చూడటం. ఈ పరీక్ష మన దగ్గర ఎలా జరుగుతోందో అందరికీ తెలుసు. పొద్దున్నే లీటరు, లీటరున్నర నీళ్లు తాగించి, పేరు పిలిచేదాకా వరండాలో కూర్చోబెడతారు. మూత్రాశయం పగిలిపోయేలా నిండి, మనిషి బాధతో మెలికలు తిరుగుతున్నప్పుడు స్కాన్ చేస్తారు, వెంటనే పోసి రమ్మంటారు. అవసరానికి మించి సాగిన మూత్రాశయం ఆరోగ్యవంతుడిలో కూడా పూర్తిగా ఖాళీ కాదు. తోసుకుంటూ వచ్చే జనం మధ్య, గడియ సరిగా పడని బాత్రూములో, తొందరలో సగం పోసి వచ్చినవారి కాగితంలో 150 మిల్లీలీటర్లు మిగిలాయని రాస్తే అది జబ్బు గుర్తు కాకపోవచ్చు. మామూలుగా వెళ్లాలనిపించినప్పుడు, తీరికగా పోసి, కొద్ది నిమిషాల్లోనే మళ్లీ చూపించుకోవాలి. అంకె ఎక్కువగా వస్తే మరోరోజు రెండోసారి చూడమని అడగడం రోగి హక్కు.

వీటితో పాటు మూత్ర పరీక్ష, రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పేది), షుగరు, డాక్టరు సలహా మేరకు పీఎస్ఏ అనే ప్రోస్టేట్ రక్త పరీక్ష, వేలితో గ్రంథి పరీక్ష ఎలాగూ ఉంటాయి. వాడుతున్న మందుల చీటీని కూడా తప్పకుండా చూపించాలి. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే జలుబు మాత్రల్లో ఉండే క్లోర్‌ఫెనిరమిన్, నరాల నొప్పికి ఇచ్చే అమిట్రిప్టిలిన్ వంటివి మూత్రాన్ని బిగబట్టగలవు. వాటిని మార్చితేనే తేలికపడేవారు ఉంటారు.

యూరోడైనమిక్స్ ఏం చెబుతుంది

ఇందులో మూత్రనాళం గుండా రెండు మూడు మిల్లీమీటర్ల మందం గల సన్నని గొట్టాన్ని మూత్రాశయంలోకి, మరొక గొట్టాన్ని మలద్వారంలోకి పంపుతారు. మొదటిది మూత్రాశయంలోని పీడనాన్ని, రెండోది పొట్టలోని పీడనాన్ని కొలుస్తాయి. మొదటి దానిలోంచి రెండో దాన్ని తీసివేస్తే మిగిలేది కండరం స్వయంగా పుట్టించిన పీడనం. గొట్టం ద్వారా సెలైన్‌ను నెమ్మదిగా ఎక్కిస్తూ, మధ్యమధ్య దగ్గమంటూ, ఎప్పుడు నిండినట్టనిపించింది, ఎప్పుడు ఆపుకోలేననిపించింది అని అడుగుతారు. తరువాత గొట్టాలు ఉండగానే మూత్రం పోయమంటారు. మొత్తం ముప్పావు గంట పట్టవచ్చు. రోగి మెలకువగా ఉండి స్వయంగా మూత్రం పోయాలి కాబట్టి మత్తు ఇవ్వరు. గొట్టం దగ్గర మొద్దుబార్చే జెల్లీ రాస్తారు.

ఈ పరీక్ష విలువ ఒక లెక్కతో స్పష్టమవుతుంది. ఇద్దరికి ధార వేగం సెకనుకు 8 మిల్లీలీటర్లే అనుకుందాం. ధార అత్యధికంగా ఉన్న క్షణంలో మొదటివాని కండర పీడనం నీటి మట్టం లెక్కన 70 సెంటీమీటర్లు, రెండోవానిది 25. పీడనంలోంచి వేగానికి రెట్టింపును తీసివేస్తే అడ్డు సూచిక వస్తుంది: మొదటివానికి 54, రెండోవానికి 9. 40 దాటితే అడ్డు ఉన్నట్టు, 20 లోపైతే లేనట్టు, మధ్యన ఉంటే తేలనట్టు. ఇక పీడనానికి వేగాన్ని అయిదు రెట్లు చేసి కలిపితే కండర బల సూచిక వస్తుంది: మొదటివానికి 110, రెండోవానికి 65. 100 కంటే తక్కువైతే కండరం బలహీనం. యూరోఫ్లోమెట్రీ కాగితం మీద ఇద్దరూ ఒకేలా ఉన్నారు. మొదటివానికి ఆపరేషన్ వల్ల మేలు జరుగుతుందని ధైర్యంగా చెప్పవచ్చు. రెండోవానికి చెప్పలేము.

పరీక్షకు పరిమితులూ ఉన్నాయి, వాటిని దాచకూడదు. పరాయివారి ముందు, గొట్టాలతో, బల్ల పక్కన నిలబడి మూత్రం పోయమంటే కొందరికి ఒక్క చుక్క కూడా రాదు. దాన్నిబట్టి మూత్రాశయం చచ్చుబడిందని తీర్పు చెప్పకూడదు. యంత్రాన్ని సున్నా దగ్గర సరిగా అమర్చకపోయినా, పీడనపు గొట్టంలో గాలి బుడగలున్నా, దగ్గినప్పుడు రెండు పీడనాలూ సమంగా లేస్తున్నాయో లేదో గమనించకపోయినా అంకెలు తప్పుతాయి. మంటా, మూత్రంలో కొద్దిగా రక్తమూ ఒకటి రెండు రోజులు ఉండటం మామూలు. కొద్దిమందికి ఇన్‌ఫెక్షన్ రావచ్చు, మరికొద్దిమందికి మూత్రం ఆగిపోవచ్చు. చేసేవారి అనుభవం మీదే ఈ పరీక్ష విలువ ఆధారపడి ఉంటుంది కాబట్టి, ఫలితాన్ని రాసే డాక్టరు పరీక్ష జరుగుతున్నంతసేపూ గదిలో ఉంటారా అని ముందే అడగడం మంచిది.

పరిశోధన తేల్చినది, తేల్చనిది

ఆపరేషన్ ఆలోచనలో ఉన్న ప్రతివారికీ ఈ పరీక్ష చేస్తే మేలు జరుగుతుందా అన్న ప్రశ్నకు ఇంగ్లండులో అప్‌స్ట్రీమ్ అనే పెద్ద పరిశోధన జరిగింది. 26 ఆసుపత్రుల్లో 820 మందిని లాటరీ పద్ధతిలో రెండు జట్లుగా విడదీసి, ఒక జట్టుకు మామూలు పరీక్షలు మాత్రమే చేశారు, మరొక జట్టుకు వాటితో పాటు యూరోడైనమిక్స్ చేశారు. 18 నెలల తరువాత చూస్తే రెండు జట్ల లక్షణాల అంకె దాదాపు సమానం: పెద్ద పరీక్ష చేసినవారిలో సగటు 12.6, చేయనివారిలో 13.1. పరీక్ష వల్ల అనవసరపు ఆపరేషన్లు తగ్గుతాయన్న ఆశ కూడా నెరవేరలేదు. పెద్ద పరీక్ష చేసిన జట్టులో 38 శాతం మందికి, చేయని జట్టులో 36 శాతం మందికి ఆపరేషన్ జరిగింది. 2020లో వెలువడిన ఈ ఫలితాల తరువాత, అందరికీ అలవాటుగా ఈ పరీక్ష చేయించాలనే వాదనకు బలం లేకుండా పోయింది.

అయితే ఈ పరిశోధనను పట్టుకొని "ఆ పరీక్ష దండగ" అని కొట్టిపారేసేవారు ఒక సంగతి గమనించాలి. నరాల జబ్బులున్నవారినీ, గొట్టం లేకుండా మూత్రం పోయలేనివారినీ, ఇంతకుముందే ప్రోస్టేట్ ఆపరేషన్ అయినవారినీ ఇందులో చేర్చుకోలేదు. అంటే ఈ పరీక్ష అవసరం ఎక్కువగా ఉన్నవారిలో పలువురు ఆ 820 మందిలో లేరు. పక్షవాతం వచ్చి కోలుకుంటున్న పాలకొల్లు రైతుకు ఈ ఫలితాన్ని వర్తింపజేయడం న్యాయం కాదు.

ఎవరికి ఏ దారి

లక్షణాలు తీవ్రంగా ఉండి, ధార వేగం రెండుసార్లూ 10 కంటే తక్కువగా వచ్చి, స్కానింగ్‌లో గ్రంథి మధ్య భాగం మూత్రాశయంలోకి ఒక సెంటీమీటరుకు మించి పొడుచుకువచ్చి, నరాల జబ్బేదీ లేని అరవై అయిదేళ్ల మనిషికి మందులు పని చేయలేదంటే, నేరుగా ఆపరేషన్‌కు వెళ్లవచ్చు. యూరోడైనమిక్స్ చేసినా అతని విషయంలో నిర్ణయం మారే అవకాశం తక్కువ. గ్రంథి అడ్డు వల్ల మూత్రాశయంలో రాళ్లు ఏర్పడినవారికీ, గ్రంథి నుంచి పదేపదే రక్తం పడుతున్నవారికీ, అడ్డు మూలంగా మాటిమాటికీ ఇన్‌ఫెక్షన్ వస్తున్నవారికీ అంతే. అడ్డు ఉన్నట్టు వారి ఒంట్లోనే సాక్ష్యం కనబడుతోంది.

మూత్రం హఠాత్తుగా ఆగిపోయి, అర్ధరాత్రి ఆసుపత్రికి పరుగెత్తి గొట్టం వేయించుకున్నవారి సంగతి కొంచెం వేరు. సాధారణంగా టామ్సులోసిన్ వంటి మందు మొదలుపెట్టి, రెండు మూడు రోజుల తరువాత గొట్టం తీసి చూస్తారు. మూత్రం వస్తే ఆపరేషన్ గురించి నిదానంగా ఆలోచించవచ్చు. రాకపోతే, ఆగిపోయినప్పుడు గొట్టం వేయగానే ఎంత వచ్చిందో ఆ అంకె చాలా విలువైనది. డిశ్చార్జి కాగితంలో దాన్ని రాయించుకోవాలి. తీవ్రమైన నొప్పితో ఏడెనిమిది వందల మిల్లీలీటర్లు వచ్చినవారి కండరం ఇంకా పోరాడుతున్నట్టే. నొప్పి లేకుండా లీటరున్నర వచ్చినవారి మూత్రాశయం చాలా కాలంగా సాగిపోయి ఉంటుంది, కొన్ని వారాలు గొట్టంతో విశ్రాంతి ఇచ్చిన తరువాత యూరోడైనమిక్స్ చేయించడం గురించి మాట్లాడాలి. క్రియాటినిన్ పెరిగి, కిడ్నీలు ఉబ్బినట్టు స్కానింగ్‌లో కనబడితే పరీక్షల కోసం ఎదురుచూడకూడదు. ముందు గొట్టం వేసి కిడ్నీలను కాపాడాలి.

ఇక పరీక్ష చేయించుకోమని నేను నిస్సంకోచంగా చెప్పేది వీరికి. పక్షవాతం, పార్కిన్సన్స్, వెన్నుపూస దెబ్బ వంటి నరాల జబ్బులున్నవారు. చాలా ఏళ్లుగా షుగరుండి, పాదాలు తిమ్మిరెక్కి, మూత్రం నిండిన సంగతి కూడా తెలియనివారు. ఒకసారి ప్రోస్టేట్ ఆపరేషన్ అయ్యాక కూడా ఇబ్బంది తగ్గక, రెండోసారి చేద్దామన్న సలహా పొందినవారు. ఈ మూడో రకం రోగులు పరీక్ష లేకుండా రెండో ఆపరేషన్‌కు ఒప్పుకోకూడదు. మొదటిసారి ఫలించనిది రెండోసారి ఎందుకు ఫలిస్తుందో ఎవరైనా ఆధారంతో చూపించాలి కదా. యూరోపియన్ మార్గదర్శకాలు మరికొందరిని కూడా చేర్చాయి: పోసిన తరువాత 300 మిల్లీలీటర్లకు మించి మిగిలేవారు, 150 మిల్లీలీటర్లు కూడా ఒకేసారి పోయలేనివారు, ధార వేగం 10 కంటే ఎక్కువ ఉన్నా బాధ ఉన్నవారు, 50 ఏళ్ల లోపువారు, 80 ఏళ్లు పైబడినవారు. అమెరికన్ యూరాలజీ సంఘం సలహా కూడా స్థూలంగా ఇదే. అడ్డు ఉందా లేదా అన్న అనుమానం మిగిలినప్పుడు ఈ పరీక్షను తలచుకోమంటుంది.

ఆపుకోలేని తొందర, బట్టలు తడవడం ప్రధాన బాధగా ఉండి, ధార అంతగా తగ్గనివారు కూడా ఆగి ఆలోచించాలి. అడ్డు వల్ల మూత్రాశయం చిరాకుపడి అలా ప్రవర్తిస్తుంటే ఆపరేషన్ తరువాత చాలామందికి తగ్గుతుంది. అడ్డు లేకుండానే అలా ఉంటే, గ్రంథిని తీసివేసిన తరువాత తడవడం ఎక్కువ కావచ్చు కూడా.

కండరం బలహీనమని తేలితే

పరీక్షలో కండరం బలహీనమని రాగానే ఇక దారి లేదని కుటుంబం నీరుగారిపోనవసరం లేదు. మూత్రాశయ కండరానికి బలాన్నిచ్చే నమ్మకమైన మాత్ర నేటికీ లేదన్నది నిజం. కానీ కండరం బలహీనంగా ఉండి, దానితో పాటు అడ్డు కూడా ఉన్నవారికి, అడ్డు తొలగిస్తే ఉన్న కొద్దిపాటి బలంతోనే మూత్రం వెళ్లిపోవచ్చు. అటువంటివారికి ఆపరేషన్ సమంజసమే, అయితే ఫలితం సగమే ఉండవచ్చని ముందే చెప్పించుకొని చేయించుకోవాలి. అడ్డు ఏమీ లేకుండా కండరమే బలహీనంగా ఉన్నవారికి మాత్రం ఆపరేషన్ వల్ల లాభం అనుమానమే. మూత్రనాళం గుండా చేసే మామూలు ప్రోస్టేట్ ఆపరేషన్ తరువాత ఎక్కువమందిలో వీర్యం వెనక్కి, మూత్రాశయంలోకి మళ్లిపోవడం, అరుదుగా మూత్రం ఆపుకోలేకపోవడం వంటి నష్టాలు మాత్రం మిగులుతాయి.

అప్పుడు ఎదురయ్యే మరో దారి, రోజుకు నాలుగైదు సార్లు సన్నని గొట్టాన్ని తానే వేసుకొని మూత్రాన్ని ఖాళీ చేసి, వెంటనే తీసివేయడం. ఈ మాట వినగానే మన పెద్దలు ముఖం తిప్పుకుంటారు. వారి సంకోచం నాకు అర్థమవుతుంది. అయినా పగలూ రాత్రీ సంచితో వేలాడే గొట్టంతో పోలిస్తే ఇది ఎంతో మేలు: ఇన్‌ఫెక్షన్లు తక్కువ, పంచె కట్టుకొని పొలం వెళ్లవచ్చు, గుడికి వెళ్లవచ్చు, ఎవరికీ తెలియదు. చేతుల వణుకు, చూపు మందగించడం లేనివారు కొద్ది రోజుల శిక్షణతో నేర్చుకోగలరు. నేర్పించే నర్సు ఎవరున్నారో ఆసుపత్రిలో అడగాలి. కాగితం చేతిలో పెట్టి పంపితే ఎవరూ నేర్చుకోలేరు. మిగిలే మూత్రం ఓ మోస్తరుగానే ఉండి, కిడ్నీలు బాగుండి, ఇన్‌ఫెక్షన్లు రానివారికి ఏమీ చేయకుండా ఆరు నెలలకోసారి క్రియాటినిన్, స్కానింగ్ చూసుకుంటూ ఉండటం కూడా గౌరవప్రదమైన ఎంపికే.

డెల్టాలో ఆచరణ

యూరోఫ్లోమెట్రీ యంత్రం యూరాలజిస్టు ఉన్న చాలా ఆసుపత్రుల్లో ఉంటుంది. యూరోడైనమిక్స్ యంత్రం అలా అన్నిచోట్లా ఉండదు. కాబట్టి లంక గ్రామం నుంచి పెద్దాయనను బయలుదేరదీసేముందు ఫోన్ చేసి, ఆ పరీక్ష అక్కడ చేస్తారా, వారంలో ఏ రోజు చేస్తారు, ఎంత తీసుకుంటారు అని కనుక్కోవాలి. కాకినాడ, రాజమహేంద్రవరం వంటి చోట్ల కుదరకపోతే విశాఖపట్నమో విజయవాడో వెళ్లవలసి రావచ్చు. రానుపోను ఖర్చు, తోడు వచ్చేవారి కూలి నష్టం కూడా లెక్కలోకి తీసుకోవాలి. సందేహం లేని రోగికి ఆ ఖర్చు పెట్టించడం అందుకే నాకు నచ్చదు. ప్రభుత్వ ఆరోగ్య పథకం కింద ఆపరేషన్ చేయించుకునేవారు, ముందస్తు పరీక్షల్లో ఏవి పథకంలోకి వస్తాయో ఆసుపత్రిలోని ఆరోగ్య మిత్రను అడిగి తెలుసుకున్నాకే డబ్బు కట్టాలి.

పరీక్ష రాసిన డాక్టరును ఒక ప్రశ్న అడగండి: "ఫలితం ఇలా వస్తే ఏం చేస్తారు, అలా వస్తే ఏం చేస్తారు?" రెండింటికీ జవాబు ఆపరేషనే అయితే పరీక్ష అవసరమేమిటో వివరించమనండి. జవాబులు వేరువేరుగా ఉంటే ఆ పరీక్ష చేయించుకోవడానికి తగినదే. పరీక్ష అక్కర్లేదన్న డాక్టరును కూడా, అడ్డు ఉన్నదని ఏ ఆధారంతో అనుకుంటున్నారో చెప్పమని మర్యాదగా అడగవచ్చు.

పరీక్షకు ముందు మూత్రంలో ఇన్‌ఫెక్షన్ లేదని నిర్ధారించుకోవాలి. ఉంటే తగ్గేవరకు వాయిదా వేయాలి. మలబద్ధకం లేకుండా చూసుకోవాలి. రక్తం పలుచబడే మందులు, ప్రోస్టేట్ మాత్రలు, మూత్రం ఆపుకోవడానికి ఇచ్చే మాత్రలు వాడుతుంటే వేటిని ఆపాలో, వేటిని ఆపకూడదో డాక్టరే చెప్పాలి, సొంతంగా ఆపకూడదు. పరగడుపున రావలసిన అవసరం సాధారణంగా ఉండదు. షుగరు ఉన్నవారు ఈ సంగతి ముందే అడిగి, వేళకు తిని రావాలి. మూత్రపు పట్టిక, పాత స్కానింగులు, మందుల చీటీలు ఒకే ఫైలులో తీసుకువెళ్లాలి.

పరీక్ష పూర్తయ్యాక వెంటనే బస్సెక్కకుండా, ఒక్కసారైనా మూత్రం పోసి, అది మామూలుగానే వస్తోందని చూసుకొని బయలుదేరాలి. ఇంటికి చేరాక చలి, జ్వరం వచ్చినా, ఆరు గంటలైనా మూత్రం రాకపోయినా, రక్తపు గడ్డలు పడినా, తెల్లవారేదాకా ఆగకుండా దగ్గరలో ఉన్న ఆసుపత్రికి వెళ్లి, ఆ రోజు ఏ పరీక్ష జరిగిందో కాగితం చూపించి చెప్పాలి.